గొడుగు బొమ్మ మీద వాన

2023 వానాకాలం. సిద్దిపేటలో నేను పనిచేసే దవాఖానలో ఫిజియోథెరపీ విభాగం చివర నాకొక గది ఉంది. ఒక బల్ల, మూడు కుర్చీలు, రోడ్డు మీద వచ్చిపోయే బస్సులు కనిపించే ఒక కిటికీ. నేను స్పీచ్ థెరపిస్టును. అప్పటికి ఆ కుర్చీలో పన్నెండేళ్లు గడిచాయి. రోజూ పొద్దున గజ్వేల్‌లో బస్సెక్కి రావడం, సాయంత్రం అదే దారిన తిరిగి పోవడం. ఆ ఏడాది విసుగు ఎంత ముదిరిందంటే, పేషంటు తలుపు దగ్గర కనపడగానే గోడ గడియారం వైపు చూసేదాన్ని.

మా పని తెలియనివాళ్లకు రెండు మాటలు. పక్షవాతం వచ్చినవాళ్లలో కొందరికి కాలూ చెయ్యీ కోలుకున్నా మాట తిరిగి రాదు. దీన్ని అఫేసియా అంటాం. తెలివి ఎక్కడికీ పోదు. ఎదుట ఉన్న వస్తువు ఏమిటో, దాన్ని ఎందుకు వాడతారో వాళ్లకు తెలుసు. పేరు మాత్రం నోటికి అందదు, లేదా దాని బదులు ఇంకో పేరు వచ్చి కూర్చుంటుంది. ఎంత పోయింది, ఎంత మిగిలింది అని చూడటానికి నేమింగ్ టెస్ట్ చేస్తాం. బొమ్మల కార్డులు ఒక్కొక్కటే చూపించి పేరు అడగడమే. చెబితే ఒకటి, చెప్పకపోతే సున్నా. తప్పు చెప్పినప్పుడు ఏం చెప్పారో రాయడానికి ఆ ఫారంలో జాగా ఉండదు.

మా కార్డులు ఎక్కడో తయారై వచ్చినవి. వెనకాల గేదె, చీపురు, గాలిపటం అని రాసి ఉంటుంది. ఇక్కడివాళ్లు బర్రె అంటారు, పొరక అంటారు, పతంగి అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను నిబంధన ప్రకారం సున్నాలు వేసుకుంటూ పోయి, జిల్లా మొత్తానికి మాట పడిపోయిందని తేల్చేంత పని చేశాను. నేను పుట్టిందీ ఈ జిల్లాలోనే, ఇంట్లో నేను అనేదీ బర్రెనే. తర్వాత బుద్ధి తెచ్చుకున్నాను. ఆ కార్డులతో చేయగల తప్పులన్నీ చేసేశానని కూడా అనుకున్నాను.

జూలైలో సత్తయ్య వచ్చాడు. దుబ్బాకలో చేనేత పని, వయసు యాభై ఎనిమిది. పక్షవాతం వచ్చి నాలుగు నెలలు. కుడిచెయ్యి చాలావరకు కోలుకుంది. వెంట ఆయన భార్య బాలమణి. మొదటి రోజు బస్సు బొమ్మ చూపించాను.

"కాకా, గిదేంది?"

ఆయన చాలాసేపు చూశాడు. "నాడె," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. సున్నా. గూటికి ఎగిరివస్తున్న పిట్ట బొమ్మ చూపించాను. మళ్లీ "నాడె". సున్నా. వానలో గొడుగు పట్టుకున్న మనిషి బొమ్మ చూపించి, గొడుగు మీద వేలు పెట్టాను. "పడుగు," అన్నాడు. ఇది మాత్రం నాకు తెలిసిన తప్పే అనిపించింది. గొడుగు అనబోతే మొదటి అక్షరం మారింది, అంతే. దీన్ని మేం సౌండ్ ఎర్రర్ అంటాం. రెండు వారాలు ఆయన చేత గొ, గొ, గొడుగు అనిపించడానికి నానా తంటాలు పడ్డాను. ఆయన నా నోటి వైపు చూసేవాడు, తల అడ్డంగా ఊపేవాడు. చివరికి రిపోర్టులో ఇర్రెలెవెంట్ స్పీచ్ అని రాసి వాళ్ల చేతికిచ్చి పంపేశాను. అడిగినదానికి సంబంధం లేని మాటలు అని దాని అర్థం. రాయడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

మూడో వారం బాలమణి కుర్చీలో కూర్చుంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మేడం, ఈయనకు పిచ్చి లేసిందని రాసిన్రా?"

"నేనెందుకు రాస్త చిన్నమ్మా?"

"మా మరిది గా కాయిదం మందుల దుకాణంల సదివిపిచ్చిండు. పిచ్చి మాటలని రాసి ఉందన్నరట. పిచ్చోనికి మగ్గమెందుకని వచ్చే ఆదివారం ఊడదీస్తా అంటుండు. మగ్గముండే అర్రల తన బండి పెట్టుకుంటడట. మగ్గమొక్కటి పోతే ఈయన బతుకడు మేడం."

సత్తయ్యకు అంతా అర్థమవుతోంది. తల వంచుకుని తన చేతులు చూసుకుంటున్నాడు. నాకు సిగ్గేసింది. పిచ్చి అని నేను రాయలేదని వాదించవచ్చు. కానీ ఆ మాటకు దారి వేసింది నా ఓపికలేనితనమే.

బల్ల మీది కాగితాలు సర్దాను. బయట వాన మొదలైంది. సత్తయ్య లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఐదు వేళ్లూ విడదీసి పైనుంచి కిందికి మెల్లగా దించాడు.

"పడుగు," అన్నాడు.

"గదే మేడం," అంది బాలమణి, "ఇంటికాడ గూడ వానొస్తే గదే మాట."

"పడుగంటే?"

"మగ్గం మీద బారుగ సాగదీసి ఉంటయి సూడున్రి, గా దారాలు."

"మరి నాడె?"

"దారం కండె ఉండే కర్రముక్క, పడుగు నడుమ అటిటు ఉరుకుతది మేడం. ఉరికినప్పుడల్లా ఒక్క పోగు పడతది."

పడుగూ పేకా అని పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివానో. నా చెవికి మాత్రం అది గొడుగు పాడైన చప్పుడుగానే వినిపించింది. సొరుగులోంచి ఆ కార్డు తీశాను. గొడుగు చుట్టూ వాన సన్నటి గీతలుగా దిగుతోంది. నేను గొడుగు మీద వేలు పెట్టి అడుగుతుంటే ఆయన వానను చూసి జవాబు చెప్పాడు. కిటికీ దగ్గరికి వెళ్లి నేనూ చూశాను. నిజంగానే ఎవరో ఆకాశం నుంచి నేల దాకా దారాలు సాగదీసి కట్టినట్టు ఉంది. తడిసిపోతామనే విసుగు లేకుండా వానను చూసి నాకు ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు.

బాలమణి ఫోన్ నుంచే ఆమె మరిదికి చేశాను. ఆయనా ఒకప్పుడు నేసినవాడేనట.

"బస్సును నాడె అంటుండు మేడం. పిచ్చి గాకపోతే ఏందది?" అన్నాడు.

"నాడె ఏం జేస్తదన్నా?"

"ఏం జేస్తది. అటు పోతది, ఇటొస్తది."

"దుబ్బాక బస్సు?"

"సూద్దాం తియ్యున్రి," అని పెట్టేశాడు. నేను కొత్త రిపోర్టు రాశాను, ఈసారి తెలుగులో. ఈయనకు మతి చక్కగా ఉంది, పేర్లు మాత్రమే తారుమారయ్యాయి, మగ్గం మీద కూర్చోనివ్వండి అని. ఆ అర పేజీ రాయడానికి గంట పట్టింది.

తర్వాతి వారం బాలమణి నవ్వుకుంటూ వచ్చింది. మగ్గం కదల్లేదు. బండి వాకిట్లోనే కవరు కప్పుకుని ఉందట.

"నిన్న మగ్గం మీద కూసున్నడు మేడం. నాడె చేతికిచ్చి గిదేందని మా మరిది అడిగితే, బస్సు అన్నడు. అందరం నవ్వినం. ఈయన గూడ నవ్విండు."

సత్తయ్యకు మాటలన్నీ తిరిగి రాలేదు. రోజుకు ఒక జానెడు నేస్తున్నాడని మాత్రం విన్నాను. నాకూ అలసట పోలేదు. ఇప్పటికీ సాయంత్రానికి నడుము నొప్పి, గొంతు నొప్పి. ఆ కేసు నాకు నేర్పింది చిన్న విషయం. తప్పు జవాబు కూడా జవాబే, దాన్ని రాసుకోవాలి. ఇప్పుడు నా ఫారాల అంచులన్నీ అలాంటి మాటలతో నిండిపోతున్నాయి. వాటిని చదవడం కోసమే కొన్ని రోజులు పనికి వస్తున్నాను.

అక్టోబరులో ఆయన చివరి టెస్ట్. ఐదు మార్కులు పెరిగాయి. ఆఖరి గడి, తెలిసిన మనిషి పేరు చెప్పడం. మూడు నెలలుగా వచ్చిన ప్రతిసారీ ఆయనకు నా పేరు చెబుతూనే ఉన్నాను.

"మేడం పేరేందో చెప్పు," అంది బాలమణి.

ఆయన నా మెడలోని గుర్తింపు కార్డును చూడలేదు. నా బస్సు సంచి చూశాడు, తలుపు చూశాడు, కిటికీ బయట రోడ్డు చూశాడు. చెయ్యి ఒకసారి అటు, ఒకసారి ఇటు కదిపాడు.

"నాడె," అన్నాడు.

గడిలో సున్నా వేశాను. వేయాల్సిందే. పక్కన ఆ మాట రాసుకుని, సాయంత్రం గజ్వేల్ బస్సెక్కాను.