లేక్ స్ట్రీట్‌లో రెండు పన్నెండ్లు

థెల్మా క్రాడాక్ మామ్మకి దేవుడి మీద అంతంత మాత్రం నమ్మకం, ప్రభుత్వం మీద బొత్తిగా లేదు, పన్నెండు అనే అంకె మీద మాత్రం చెప్పలేనంత భక్తి. ఆ పన్నెండు ఆమె గుమ్మం పక్కన ఇత్తడితో ధగధగలాడుతూ ఉండేది. ఆదివారం చర్చికి ఎగనామం పెట్టినా పెట్టేది కానీ, శనివారం దాన్ని తోమడం మానేది కాదు. తన మొహం కడుక్కోవడం మర్చిపోయిన రోజులున్నాయి. దాని మొహం మర్చిపోయిన రోజు లేదు.

ఆ అంకెలు చేసింది ఆమె నాన్న. పాత గుర్రపు జీను మీది ఇత్తడి రేకు కత్తిరించి, ఆకురాయితో అరగదీసి చేశాడు. రెండు అంకె తోక కాస్త వంకరపోయింది. అప్పట్లో ములంబీన్ ఊరు కింద లోయలో ఉండేది. ఆనకట్ట కట్టి లోయని నీళ్ళతో నింపేస్తామన్నారు. చెక్క ఇళ్ళు కాబట్టి, ఒక్కొక్కదాన్నీ నేల మీంచి పైకి లేపి, లారీలకెక్కించి, అలమారాల్లో కప్పులు ఎక్కడివక్కడే ఉండగా కొండ మీదకి తెచ్చి దించారు. రాలేకపోయినవాడు మామ్మ నాన్న ఒక్కడే. ఇల్లు లారీ ఎక్కడానికి కొంచెం ముందే కన్నుమూసి, లోయలోనే ఉండిపోయాడు. ఇప్పుడు ఆయన మీద ట్రౌట్ చేపలు తిరుగుతుంటాయి.

ఏ లారీ ముందొస్తే దాని మీది ఇంటిని ఖాళీగా ఉన్న చోట దించేశారు. నంబర్లు మాత్రం ఎవరూ పీకలేదు. పీకమని వచ్చినవాణ్ణి కుక్కని వదిలి తరిమారు. అందుకని కొత్త ఊళ్ళో లేక్ స్ట్రీట్‌లో నడిస్తే ముందు పన్నెండు వస్తుంది, తరవాత ముప్ఫై ఒకటి, నాలుగు, తొంభై, ఏడు, చివర పైన్ చెట్టు దగ్గర మళ్ళీ పన్నెండు. మొదటిది మామ్మది, పాత ఊళ్ళో మిల్లు వీధి నుంచి వచ్చింది. చివరిది చర్చి వీధి నుంచి వచ్చిన హెగార్టీ వాళ్ళది. ఊళ్ళోవాళ్ళకి నంబర్లతో పనే లేదు. "థెల్మా ఇల్లు" అంటారు, "హెగార్టీ ఇల్లు" అంటారు. నంబరు అడిగేవాడు పరాయివాడని అర్థం. పరాయివాడు తిప్పలు పడితే ములంబీన్‌కి అదొక వినోదం.

ఊనా హెగార్టీకీ మామ్మకీ ఒకే వయసు, ఒకే బడి, ఒకే మొండితనం. ఓసారి మునిసిపల్ ఆఫీసు నుంచి టై కట్టుకున్న కుర్రాడు ఒకడొచ్చి ఇద్దర్నీ రోడ్డు మధ్యలో నిలబెట్టి, "ఎవరో ఒకరు పద్నాలుగు కండమ్మా. మంచి అంకె," అన్నాడు.

"అంత మంచిదైతే నీ నుదుటి మీద రాసుకో," అంది మామ్మ. "ఈ వీధికి ముందొచ్చింది నా ఇల్లు."

"ముందొచ్చింది నీ లారీ," అంది ఊనా. "బురదలో కూరుకుపోయి మర్నాటిదాకా అక్కడే ఏడ్చింది. దిమ్మెల మీద ముందు నిలబడింది నా ఇల్లు."

"లారీ మీదున్నా ఇల్లు ఇల్లే. నువ్వు బస్సెక్కితే ఊనావి కాకుండా పోతావుటే?"

కుర్రాడు టై వదులు చేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆఫీసువాళ్ళెవరూ ఆ ఛాయలకి రాలేదు.

అప్పట్నుంచి మామ్మ నోట్లో ఒక మాట స్థిరపడిపోయింది. తలుపు తట్టి "ఇది పన్నెండేనా? ఇంకో పన్నెండు గానీ ఉందా?" అని ఎవరడిగినా, "ఈ వీధిలో పన్నెండు ఒక్కటే. ఇదే," అనేది. ఊనా ఇంటికి పియానో శ్రుతి చెయ్యడానికొచ్చినవాణ్ణి అలాగే వెనక్కి పంపింది. ఊనా తక్కువ తిన్నదేం కాదు. మామ్మ కూతురి పెళ్ళికి పట్నం నుంచి వచ్చిన కేకుని సంతకం పెట్టి మరీ పుచ్చుకుంది. దాన్ని ఊనా మొగుడు క్లారీ తోపుడుబండిలో పెట్టి తోసుకొచ్చాడు. పైన చక్కెర గులాబీ ఒకటి తక్కువైంది. తిన్నది ఊనాయో క్లారీయో ఇప్పటికీ తేలలేదు.

ఆ ఇద్దరి మధ్యా రోడ్డు దాటే మనిషి క్లారీ ఒక్కడే. తప్పుగా పడిన ఉత్తరాలూ, తోటలో కాసిన చెర్రీలూ, కబుర్లూ అన్నీ అతనే మోసేవాడు. "మీరిద్దరూ చెరో పన్నెండూ. మధ్యలో తిరిగే నేను ఇరవై నాలుగు," అని నవ్వేవాడు. మామ్మ మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. కంచె కూలితే నిలబెట్టేదీ, పొయ్యిలోకి కట్టెలు కొట్టిచ్చేదీ క్లారీయే. అతని ఎదుట మామ్మ ఊనాని ఒక్క మాట అనేది కాదు. అతను వెళ్ళాక వడ్డీతో సహా అనేది.

ఆ దేశంలో డిసెంబరంటే నడి వేసవి. ఆ డిసెంబర్లో ఎండలు మండిపోతున్నాయి. గొర్రెల బొచ్చు కత్తిరింపులు అయిపోయాయి, చెర్రీలు ఎర్రబడ్డాయి, క్రిస్మస్ కాగితపు గంటలు కిటికీల్లో వేలాడుతున్నాయి. ఓ సాయంత్రం క్లారీ బండెడు కట్టెలు తోసుకొచ్చి మామ్మ వసారాలో పేర్చడం మొదలుపెట్టాడు.

"ఈగలకి చలేస్తోందనా ఈ కట్టెలు?" అంది మామ్మ.

"మంచు పడుతుంది థెల్మా. వాసనొస్తోంది."

"డిసెంబర్లోనా? నీ ముక్కుక్కూడా ముసలితనం వచ్చింది క్లారీ."

"ముక్కు బాగానే ఉంది. ఈ గుండెకాయే ఈ మధ్య కొంచెం మొరాయిస్తోంది," అని అతను ఛాతీ రుద్దుకుని, కట్టె పేళ్ళని ఇంకాస్త సర్ది వెళ్ళాడు. మామ్మ పట్టించుకోలేదు. మొగవాళ్ళు టీ కావాలన్నప్పుడు అలాగే రుద్దుకుంటారని ఆమె అభిప్రాయం. టీ మాత్రం ఇచ్చింది.

తెల్లారేసరికి ఊరంతా తెల్లగా ఉంది. ఇంకా దట్టంగా కురుస్తూనే ఉంది. టమాటా మొక్కలు వంగిపోయాయి. ఊనా వాళ్ళ నీలం గేటు, మామ్మ ఎర్రగేటు, తొంభై నంబరువాళ్ళ ఉత్తరాల డబ్బా, అన్నీ ఒకే రంగు. ఎదురింటి కప్పు కూడా కనబడలేదు. మామ్మ క్లారీ కట్టెలతో పొయ్యి రాజేసి, దాని ముందు కూచుని వీపు కాచుకుంటూ, 'వీడి ముక్కు మాట నిజమే' అనుకుని నవ్వుకుంది.

అప్పుడే బయట కూత వేస్తూ బండి ఒకటి వచ్చి ఆగింది. తలుపు దబదబా కొట్టారు. తీస్తే, మోకాళ్ళదాకా మంచుతో ఒక కుర్రాడు. వెనక అంబులెన్సు. పక్క ఊరి నుంచి వచ్చినవాడు, ములంబీన్ ఎప్పుడూ చూసినవాడు కాదు.

"పన్నెండేనా మామ్మగారూ? లేక్ స్ట్రీట్?"

"అంకె కనబట్టం లేదూ?"

"పేషెంటెక్కడ?"

"పేషెంటేమిటి? నేను గుండ్రాయిలా ఉన్నాను."

"ఇంకో పన్నెండు గానీ ఉందా ఈ వీధిలో?"

మామ్మ ఆలోచించలేదు. ఆలోచిస్తే ఆ మాట వచ్చేది కాదేమో. ఇన్నేళ్ళుగా అరిగి నున్నబడిన మాట, నాలుక దానంతటదే అనేసింది.

"ఈ వీధిలో పన్నెండు ఒక్కటే. ఇదే."

"అయితే ఆనకట్ట దగ్గర లేక్ రోడ్డయ్యుంటుంది!" అని వెనక ఉన్నవాడికి కేకేసి, కుర్రాడు పరుగెత్తాడు. బండి ఆమె గేటు ముందే వెనక్కి తిరిగి, వచ్చిన దారినే పోయింది.

మామ్మ తలుపు మూసింది. 'ఊనా తలనొప్పే అయ్యుంటుంది. దాని తలనొప్పికి అంబులెన్సు కూడానా' అనుకుంది. ఇంకా చెప్పాలంటే, ఆ పూట ఆమెకి కొంచెం సంతోషంగా కూడా ఉంది. సర్కారు బండి పన్నెండు నంబరంటూ తన గుమ్మంలోకే వచ్చిందాయె. కప్పు ఎత్తి టీ ఒక గుక్క తాగింది. పొయ్యిలో క్లారీ కట్టె చిటపటమంది. అప్పుడు గుర్తొచ్చింది, అతను ఛాతీ రుద్దుకోవడం.

కిటికీ తుడిచి చూసింది. మంచు కాస్త పలచబడింది. వీధి చివర, రాత్రి గౌనులో, మంచులో నిలబడి, రెండు చేతులూ పైకెత్తి ఊపుతోంది ఊనా. కూత వినబడి బయటికొచ్చింది. వచ్చిన కూత తన గుమ్మం చేరకుండానే దూరమవుతుంటే, అటే చూస్తోంది.

మామ్మ ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే బయటపడింది.

"ఎవరికే?" అని అరిచింది.

"క్లారీకి," అంది ఊనా.

మామ్మ పరుగెత్తింది. కోడి తరిమినా పరుగెత్తని మనిషి, మూల మలుపుదాకా పరుగెత్తింది. ఒక చెప్పు మంచులో ఉండిపోయింది. జారి పడింది, లేచింది, చేతిలో ఉన్న వంటింటి తువ్వాలు ఊపింది. ఊపితే చూడ్డానికి ఎవరున్నారు? బండి అప్పటికే ఆనకట్ట దారి పట్టింది. అది తిరిగొచ్చేసరికి ఊనా మొగుడి పక్కన నేల మీద కూచుని ఉంది. చెయ్యడానికేమీ మిగల్లేదు.

మంచు ఆగిపోయింది. బండి మొదటిసారి వచ్చినప్పటి చక్రాల గుర్తులు మాత్రం మధ్యాహ్నందాకా ఉన్నాయి. మామ్మ గేటు దాకా రావడం, అక్కడే తిరగడం, పోవడం. హెగార్టీ ఇంటికి పరామర్శకొచ్చిన ప్రతివాడూ ఆ గుర్తుల్ని దాటుకునే వెళ్ళాడు. ఒక్కరూ ఏమీ అడగలేదు. అడిగితే మామ్మ ఏదో ఒకటి అనేది, ఏడ్చేది, పోట్లాడేది. అడగలేదు. సాయంత్రానికి ఎండ వచ్చి మంచంతా కరిగింది. ఈగలు తిరిగొచ్చాయి.

అంత్యక్రియల మర్నాడు మామ్మ స్క్రూడ్రైవరు తీసుకుని నాన్న చేసిన పన్నెండుని విప్పింది. రుమాల్లో చుట్టుకుని వీధి చివరికి నడిచింది. ఊనా గుమ్మం పక్కన అంకె లేదు. అది ఉన్న చోట రంగు వెలవని చెక్క మాత్రం కనబడుతోంది.

"నువ్వే పన్నెండు. నేను పద్నాలుగవుతాను," అంది మామ్మ, రుమాలు చాపుతూ.

ఊనా దానికేసి చూడను కూడా చూడలేదు.

"అంబులెన్సుకి ఫోన్ చేస్తే ఆ పిల్ల అడిగింది, ఇంటికేదైనా గుర్తుందా అని. చివరి ఇల్లు అనొచ్చు. పైన్ చెట్టు అనొచ్చు. రెండో పన్నెండు అనొచ్చు. పన్నెండంటే పన్నెండే, గుర్తులేమిటి అన్నాను. మొగుడు నేల మీద కొట్టుకుంటుంటే అన్నాను ఆ మాట. నా పాపం నేను మోస్తాను. నీది నువ్వు మొయ్యి."

"ఊనా..."

"నా అంకె పెట్టెలో అతని పక్కనే పెట్టి పంపేశాను. నీది తీసుకెళ్ళి మళ్ళీ బిగించుకో. ఎవరొచ్చి తట్టినా చెప్పు, ఒక్కటే పన్నెండని. ఇక మీదట అది అబద్ధం కూడా కాదు."

తలుపు మూసుకుంది.

మామ్మ బిగించుకుంది. ఏం చేస్తుంది? ఆ పై వారం వ్యానొకటి వచ్చి ఆమె గుమ్మం ముందు పెద్ద అట్టపెట్టె దించింది. మీద ఊనా హెగార్టీ పేరు, కింద పన్నెండు, లేక్ స్ట్రీట్. మామ్మ దాన్ని రొమ్ముకి ఆనించుకుని వీధి పొడుగూ మోసుకెళ్ళింది. ఊనా తీసుకుంది, తలుపు మూసింది. మరుసటి వారం ఇంకోటి. కొట్లవాళ్ళు పంపే కేటలాగులు చూసి సామాన్లు తెప్పించడం మొదలుపెట్టింది ఊనా. మేజోళ్ళు, టీ కెటిలు, ఇనప పెనం, కాలు పెట్టుకునే పీట. ఏదీ విప్పేది కాదని ఊనా ఇంట్లో పని మనిషి చెప్పింది. క్లారీ గదిలో కప్పుదాకా పేరుస్తోందట.

మనవలు మోస్తామంటే మామ్మ ఒప్పుకోలేదు. "నోరు ముయ్యండి. పన్నెండుకొచ్చింది, పన్నెండే మోస్తుంది," అనేది. వీధి పిల్లలు ఆమెకి పోస్టు మామ్మ అని పేరు పెట్టారు. పడుకున్న కుక్క కూడా ఆమెని చూసి లేచి దారిచ్చేది. నడుము వంగింది. నాన్న చేసిన రెండు అంకె తోకలాగే వంగిందని ఎవరైనా అంటే కర్ర పుచ్చుకునేది. ఇంత జరిగినా శనివారం ఇత్తడి తోమడం మానలేదు. తోమేటప్పుడు మునుపటిలా పాట పాడేది కాదు, అంతే తేడా.

కొన్నేళ్ళకి మళ్ళీ ఒక డిసెంబర్లో మంచు పడింది. ఆ పొద్దున్నే పెట్టె ఒకటి వచ్చింది, బరువైనది. మామ్మ దాన్ని చెక్కబల్ల మీద పెట్టి మంచులో లాక్కుంటూ, ముప్ఫై ఒకటి దగ్గర ఆగి, తొంభై దగ్గర ఆగి, ఏడు దగ్గర కంచె పట్టుకుని నిలబడి, పైన్ చెట్టు చేరేసరికి పొద్దెక్కింది. ఊనా గుమ్మంలోనే నిలబడి ఉంది, ఎప్పట్నుంచో. పెట్టె లోపలికి లాక్కుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి నోరు విప్పింది.

"ఆలస్యమైంది," అని, తలుపు మూసింది.

"అవును," అంది మామ్మ, మూసిన తలుపుతో.