మావయ్య కారుకు నిజరూప దర్శనం

సింహాచలం కొండ మీద ఏడాది పొడుగునా చందనం కప్పుకుని చల్లగా కూర్చునే మా అప్పన్న స్వామికి ముందుగా శతకోటి దండాలు. మా ముత్తాతల వెంట పటం రూపంలో ఓడెక్కి, రంగూను రేవులో వాళ్లతో పాటే దిగి, ఇప్పటికీ ఆ ఊళ్లోనే అహ్లోన్ పేటలో మా చిన్న భజన మందిరం గోడ మీద నుంచి మమ్మల్ని ఓ కంట కనిపెడుతున్న ఆ తండ్రి, నా చేత ఈ నాలుగు ముక్కలూ గొప్పలు కలపకుండా రాయించుగాక. (కలిపితే ఏమవుతుందో నాకు అనుభవమే.)

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు. ఆ వయసులో మనిషికి తెలియనిదంటూ ఉండదు. తెలియనివన్నీ ఆ తరవాతే ఒక్కొక్కటిగా మొదలవుతాయి. జపాను నుంచి వచ్చే పాత కార్లు అమ్మే యార్డులో నా ఉద్యోగం. స్టీరింగు కుడిపక్కనే ఉన్న కార్లను రోడ్డుకు కూడా కుడిపక్కనే నడిపే మా ఊళ్లో, ఏ బండి ఎలాంటిదో చెప్పగలిగినవాడికి మర్యాద బాగా దొరికేది. నాకు అన్నిటికంటే గురి ఉన్నది ఒక తెల్ల వ్యాగన్ మోడల్ మీద. దాని తరవాత నా జుట్టు మీద. నుదుటి మీద అలలాగా లేచి, తుంపర వానలో కూడా పడిపోని జుట్టు అది. పైగా ఊరి శివార్లలో ఇన్సేన్‌లో రైల్వే వర్క్‌షాపులో పనిచేసే ఒక గంజాం పెద్దాయన కూతురితో నాకు సంబంధం మాట్లాడుతున్నారు కూడాను. పెళ్లిచూపులకు ఆ జుట్టుతో వెళితే చాలు, మిగతాది అదే చూసుకుంటుందని నా ధీమా.

మా మావయ్య సేక్కాన్ రేవులో క్రేను నడిపేవాడు. శనివారాలు మందిరంలో భజన నడిపేవాడు. ఒక శనివారం భజన మధ్యలో తాళాలు ఆపి, నా వైపు తిరిగాడు.

"ఒరే అల్లుడూ, నువ్వు సెప్పిన ఆ తెల్లబండి కొందారనుకుంతన్నాను. ఏడాదికోపాలి ఇన్స్‌పెక్సన్‌కి తీసుకెల్లాల గదా, పాసవుద్దంటావేటి?"

"పాసవుద్దా అని అడుగుతావేటి మావా! ఆ మోడల్ ఫెయిలవడం నేనింతవరకూ సూడ్లేదు. మొదటిసారికే పాసు. అవకపోతే అప్పన్న సాచ్చిగా గుండు గీయించుకుంటాను."

అంతవరకు అని ఊరుకుంటే ఏదో కుర్రతనం అనుకునేవారు. కానీ సరిగ్గా ఆ క్షణంలో మా అత్త పటం ముందు కర్పూర హారతి ఎత్తి ఉంది. "హారతి ముందు అనీసినావురా," అంది చల్లగా. "సామి ఇనీసినాడు."

కారు వచ్చింది. మావయ్య దాన్ని బండిగా చూస్తే ఒట్టు. బర్మా డ్రైవర్లలాగా అద్దానికి మల్లెమాల కట్టాడు, మనవాళ్లలాగా పసుపు కుంకుమలు పెట్టాడు. అన్నీ అయ్యాక, "మరి దీని పేరూ గోత్రం ఎక్కడుంటాయిరా?" అని అడిగాడు. నేను బానెట్ ఎత్తి, ఇంజను వెనక రేకు మీద కొట్టి ఉన్న నంబరును పండితుడిలాగా చూపించాను. (పాపం మొత్తం నాదే అనడానికి ఇదే సాక్ష్యం.) మావయ్య వంగి, ఆ నంబరును కళ్లకద్దుకున్నాడు.

ఏడాది తిరిగింది. తనిఖీ గురువారం, నా పెళ్లిచూపులు ఆ వచ్చే ఆదివారం. కాబట్టి బుధవారం యార్డుకు సెలవు పెట్టి, టైర్లు, బ్రేకులు, లైట్లు, హారను, వైపర్లు, పొగ అన్నీ నేనే చూశాను. నంబరు ఒక్కటే చూడలేదు. నంబరు అరిగేది కాదు, చెడేది కాదు గదా!

గురువారం పొద్దున్నే మావయ్యా నేనూ బండితో తనిఖీ ఆఫీసు దగ్గర వరసలో నిలబడ్డాం. తనిఖీ చేసే ఆమెకు యాభై దాటి ఉంటాయి. కళ్లద్దాలు, రెండు బుగ్గల మీదా గుండ్రంగా తనాకా (బర్మా ఆడవాళ్లు చెక్క అరగదీసి రాసుకునే చల్లని పూత). ఆమె బ్రేకు చూసి టిక్కు పెట్టింది. నేను జుట్టు సవరించుకున్నాను. లైట్లకు టిక్కు, మళ్లీ సవరించుకున్నాను. పొగకు టిక్కు పెట్టేసరికి పెళ్లికొడుకు నడక నాకు దానంతటదే వచ్చేసింది. చివరగా ఆమె నంబరు అచ్చు తీసుకోవడానికి కాగితం, పెన్సిలు పట్టుకుని బానెట్ కిందికి వంగింది. చాలాసేపు లేవలేదు.

"నంబరేది?" అంది బర్మీస్‌లో.

"వెనక రేకు మీదే ఆంటీ."

"అక్కడ తనాకా ఉంది." లేచి కళ్లద్దాలు సర్దుకుంది. "ఎండకు మొహం కందకుండా మేం రాసుకుంటాం. మీ ఇంజనుకు ఎందుకయ్యా?"

పరుగెత్తుకెళ్లి చూశాను. నంబరు ఉండాల్సిన చోట రెండు వేళ్ల మందాన చందనపు ముద్ద, ఇంజను వేడికి ఇటుకలా కాలి ఉంది. నడుమ కుంకుమ బొట్టు.

"మావా! ఏటిది?"

"ఏటేటి? అప్పన్నకేటి పూస్తారో అదే పూసినాను. పేరూ గోత్రం అక్కడే ఉన్నాయని సెప్పింది నువ్వే గదేటి! ఒక్క సనివారం తప్పనేదు తెలుసా."

"మయాబూ," అంది ఆమె. కుదరదని. నంబరు కనపడని బండికి పాసు లేదంటూ కాగితం మీద ఒక గీత కొట్టింది. శుభ్రం చేసుకుని మధ్యాహ్నం మళ్లీ వరసలోకి రమ్మంది. నేను స్క్రూడ్రైవర్ తీశాను. మావయ్య నా చెయ్యి పట్టేసుకున్నాడు.

"సామి సందనానికి ఇనపముక్క ఎడతావేటిరా, బుద్దుందా నీకు? కొండమీద ఏడాదికోపాలి సందనం తీసి నిజరూపం సూపించరేటి? అలాగే తీయాల. నీల్లట్టుకురా."

ఇక మావయ్య బంపరెక్కి కూర్చుని, తడి తువ్వాలుతో అద్దుతూ, గోవింద నామాలు ఎత్తుకున్నాడు. వెనక వరసలో డ్రైవర్లు మొదట హారన్లు కొట్టారు, తరవాత దిగి వచ్చి చుట్టూ మూగారు. అన్నం క్యారియరుతో బయటికి వచ్చిన ఆంటీ కూడా ఆగింది. "రుద్దకండి, తడిగుడ్డ వేసి కాసేపు వదిలేయండి. రోజూ నా మొహం నేను అలాగే కడుక్కుంటాను," అని సలహా చెప్పింది. ఒక్కొక్క అంకే బయటపడుతుంటే జనం పైకి చదివారు. చివరి అంకె కనపడగానే మావయ్య కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. ఒక బర్మా డ్రైవరు, ఎందుకైనా మంచిదని కాబోలు, చేతులు జోడించాడు.

మధ్యాహ్నం కారు పాసైంది. నా గతి శనివారం తేలింది.

"కారు ఫెయిలవనేదత్తా," అన్నాను మందిరంలో. "బ్రేకు పాసు, లైటు పాసు, పొగ పాసు. మోడల్‌కి ఏ వంకా లేదు."

"మరి మొదటిపాలి ఫెయిలైందేటిరా?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చి, గోడ మీద పటాన్ని చూసి ఆగిపోయింది.

"సెప్పరా," అంది అత్త. "అప్పన్న సందనం ఫెయిలైపోనాదంటావేటి?"

ఇన్నేళ్లు పురాణాలు విన్నాను, పారాయణలు చేశాను. ఆ ప్రశ్న నుంచి తప్పించుకునే దారి ఏ పంతులూ నేర్పలేదు. కారు ఫెయిలైందంటే గుండు. చందనం ఫెయిలైందంటే నరకం. లేచి మంగలి దగ్గరికి నడిచాను.

ఆదివారం ఇన్సేన్‌లో తలుపు తీసిన పెద్దాయన నా తల చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "అయ్యో బాబూ! ఎప్పుడు జరిగింది? మీ నాన్నగారేనా?"

"నేనే," అన్నారు నా వెనక నుంచి నాన్న, చెప్పులు విప్పుతూ. "బాగానే ఉన్నాను."

జరిగిందంతా చెప్పక తప్పలేదు. లోపలి గదిలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. అమ్మాయి వచ్చి కూర్చున్నాక, ఏమైనా అడగమన్నారు. ఆమె నా తల వైపు చూడకుండా ఒకే ఒక్కటి అడిగింది: "ఇంతకీ కారు పాసైందా?"

"రెండోసారికి," అన్నాను. నా జన్మలో గొప్పలు కలపకుండా చెప్పిన మొదటి మాట బహుశా అదే. ఆమెకు అదే నచ్చిందట. ఇన్నేళ్ల కాపురం తరవాత కూడా ఆ మాట మార్చలేదు.

జుట్టు మూడు నెలల్లో మొలిచింది. లోకంలో ఏ బండీ తనను మోసం చేయదని నమ్మిన ఆ కుర్రాడి ధీమా మాత్రం మళ్లీ మొలవలేదు. ఇప్పుడు యార్డులో ఎవరైనా అడిగితే, "స్వామి దయుంటే పాసవుతుందండీ," అంటాను. అన్నాక ఒక్కోసారి ఆ కుర్రాడి మీద బెంగగా కూడా ఉంటుంది.

చదివిన మీరు కూడా ఒక్క క్షణం చేతులు జోడించి నాతో పాటు అనండి: తండ్రీ, మా బళ్లను చల్లగా చూడు. వాటిని చూసి కోతలు కోసే మా పిల్లలను ఇంకా చల్లగా చూడు. నీ ముందు నిలబడే రోజున మాలో ఎవరమైనా మొదటిసారికి గట్టెక్కకపోతే, కాస్త కడుక్కుని మధ్యాహ్నం మళ్లీ వరసలోకి రానివ్వు స్వామీ.