మావ జీపు మొరాయించిన వేసవి

మొన్న శ్రీకాకుళంలో మెకానిక్కు మా కారు బానెట్ ఎత్తి, లోపలికి ఒక్క చూపు చూసి, "బ్యాటరీ పోనాదండి, మార్చీయండి" అన్నాడు. చెయ్యి పెట్టింది లేదు, మీటరు తీసింది లేదు. నాకు అరవై దగ్గర పడ్డాయి, వాదించే ఓపిక తగ్గింది. అయినా ఊరుకోలేక "ముందు చార్జింగ్ వస్తున్నాదో లేదో చూడు నాయనా" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. చీర కట్టుకున్న మనిషికి ఇంజను సంగతులెందుకని కాబోలు. ఆ చూపు నాకు కొత్త కాదు. మొదటిసారి అది నా మీద పడింది, నౌపడ ఉప్పు మడుల్లో మా మావ జీపు మొరాయించిన వేసవిలో.

మావంటే మా ఆయన తండ్రి. మా ఆయనది రైల్వే ఉద్యోగం కావడంతో ఉప్పు పని మావా నేనూ చూసుకునేవాళ్ళం. మా వైపు గాలికి ఇనుము బతకదు. తలుపు గొళ్ళెం దగ్గర్నుంచి సైకిలు చక్రం దాకా అన్నీ పొరలు పొరలుగా రాలిపోతాయి. అందుకే మావకి రంగు పిచ్చి. ఎర్ర రంగు డబ్బా, కుంచె ఎప్పుడూ చేతికందేలా ఉండాలి. ఎక్కడైనా ఉత్త ఇనుము కనబడితే ఆయనకి అన్నం సయించదు. నా కత్తిపీటకి, బావి గిలకకి, ఆఖరికి పొరుగింటి వాళ్ళ గేటుకి కూడా, వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు, ఆయనే రంగు వేశాడు. కాపురానికి వచ్చిన కొత్తలో, ఇంకా ఆరని ఇనప కుర్చీలో కూర్చుని నేనొక మంచి చీర పాడుచేసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ కోపం నాకింకా పూర్తిగా పోలేదు.

మడుల గట్లు సన్నం, నేల మెత్తన. ట్రాక్టరు ఎక్కితే గట్టు కూలుతుంది, లారీ మాట సరేసరి. వెనక చిన్న ట్రెయిలరు తగిలించిన జీపు ఒక్కటే చివరి మడి దాకా పోగలదు. పాత జీపు ఉన్నన్నాళ్ళూ బ్యాటరీ చచ్చినా నలుగురం తోస్తే గుర్రుమని లేచేది. తరవాత కొన్నది కొత్త రకం. దాని లోపల కంప్యూటరుంది. బ్యాటరీలో పస లేకపోతే ఎంత తోసినా లాభం లేదు, నడుస్తున్న ఇంజను కూడా దారిలోనే ఆగిపోతుంది. ఆ ఏడాది ఉప్పు బాగా పండింది. కుప్పలన్నీ ఇంకా మడుల దగ్గరే ఉండగా జీపు గట్టు మధ్యలో ఆగింది. అప్పటికే సముద్రం ఒడ్డున భావనపాడు వైపు మబ్బులు పడుతున్నాయి. వాన పడేలోగా ఉప్పు రోడ్డు పక్కనున్న మెరక మీదకి చేరాలి. చేరకపోతే ఏమవుతుందో మావ ముందే చెప్పేశాడు. "ఈ ఏడు ఉప్పు కరిగిపోతే మడులు రొయ్యల చెరువులోళ్ళకి ఇచ్చీడమే. నాకింక ఓపిక నేదు." ఆ మడులంటే నాకు ప్రాణం. ఆ సంగతి అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు.

ముందు బ్యాటరీ కొనల మీద పట్టిన తెల్లటి పొడిని వేడినీళ్ళతో కడిగాం. పూటన్నర నడిచి ఆగింది. కొత్త బ్యాటరీ తెచ్చాం, రెండో రోజుకి అదీ నీరసపడింది. బెల్టు మార్చాం. చార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటరు ఊడదీసి నరసన్నపేట పట్టుకెళ్తే, వరసకి నాకు అన్నయ్యయ్యే ఎలక్ట్రీషియన్ దాన్ని తన బల్లకి బిగించి తిప్పి చూపించాడు. మీటరు ముల్లు పద్నాలుగు వోల్టులు దాటింది, బ్యాటరీ ఎక్కడానికి అంత కావాలి. "దీనికేటీ కానేదు సెల్లీ, బంగారంలా ఉన్నాది" అన్నాడు. తెచ్చి బిగిస్తే జీపులో మళ్ళీ అదే వరస. ఇంకోసారి పట్టుకెళ్ళాను. బల్ల మీద మళ్ళీ బంగారమే. అప్పుడు నాకు పంతం వచ్చింది. అదే కొట్లో ఒక చిన్న మీటరు కొని, దాన్ని ఎలా పట్టుకోవాలో ఆయన్నే అడిగాను. ఆయన ఓ చూపు చూశాడు, కానీ ఓపిగ్గానే చెప్పాడు. "కరెంటు ఎల్లే దారి ఒకటుంటాది, తిరిగొచ్చే దారి ఒకటుంటాది. రెండూ సూడు."

మడుల దగ్గరకి తిరిగొచ్చి, కొట్లో చార్జి చేయించిన బ్యాటరీ, ఆల్టర్నేటరు మళ్ళీ బిగించి, మధ్యాహ్నం ఎండలో మీటరు పట్టుకున్నాను. మావ తాళం తిప్పి ఇంజను నడిపిస్తున్నాడు. ఆల్టర్నేటరు దగ్గర పద్నాలుగు. బ్యాటరీ దగ్గర పన్నెండే. వెళ్ళే తీగ రెండు కొసలా చూశాను, ఏమీ తగ్గలేదు. తిరిగొచ్చే వైపు, మీటరు తీగల్లో ఒకదాని కొస బ్యాటరీ మైనస్ మీద, రెండోదాని కొస ఆల్టర్నేటరు ఒంటి మీద పెట్టాను. సున్నా ఉండాల్సిన చోట రెండు చూపించింది. తప్పు ఇక్కడే. ఒక లావుపాటి తీగతో ఆ రెండు చోట్లనీ కలిపాను. బ్యాటరీ దగ్గర అంకె చకచకా పద్నాలుగుకి ఎక్కింది. తీగ తీశాను, దిగిపోయింది. ఆల్టర్నేటరుకి తిరుగుదారి దాన్ని ఇంజనుకి పట్టి ఉంచే ఇనప పట్టీయే. ఆ పట్టీ నెల కిందట విరిగితే వెల్డింగు చేయించాం. నరసన్నపేట బల్ల మీదకి అదెప్పుడూ వెళ్ళలేదు. వంగి చూశాను. చెవులతో సహా, బోల్టు కన్నాలతో సహా, నిగనిగలాడుతున్న ఎర్ర రంగు, కరెంటుని దాటనివ్వని పొర.

"మావా, ఈ రంగేటి?"

"ఉత్త ఇనుము అలా వదిలీమంటావేటి? తుప్పట్టీదా?" అన్నాడు. అన్నాక నా చేతిలో మీటరు చూశాడు, తీగ చూశాడు. స్పానరు తీసుకుని పట్టీ విప్పాడు, గట్టు మీద కూర్చుని ఆకురాయితో తానే గీకాడు. నేను చేస్తానంటే ఇవ్వలేదు. కలిసే చోటల్లా ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, కాస్త గ్రీజు రాసి బిగించాడు. ఆయనకి అదెంత కష్టంగా ఉందో మొహంలో తెలుస్తూనే ఉంది. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

ఆ తరవాత జీపు ఆగలేదు. పనివాళ్ళు గంపలతో ఎత్తుతుంటే మావ నడిపాడు, మావ అలిసిపోతే నేను నడిపాను. ఆఖరి రెండు కుప్పలు మిగిలుండగా చినుకు మొదలైంది. అవి కరిగిపోయాయి. మిగతా ఉప్పంతా మెరక మీద తాటాకుల కింద ఉంది. తడిసి ముద్దయి జీపులో కూర్చున్నాం. మావ, "మడులు ఎవులికీ ఇవ్వనులే. నువ్వు సూసుకో" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, తడిసిన మొహం మీద కనబడలేదు.

మావ పోయి మూడేళ్ళయింది. మడులు నా చేతిలోనే ఉన్నాయి, ఈ ఏడూ పండాయి. ఆ వాన ఒక్క రోజు ముందు పడుంటే మడులు రొయ్యల చెరువులయ్యేవి, ఆ తరవాతి ఇన్నేళ్ళూ నావి అయ్యుండేవి కావు.