అమ్మమ్మ పాదాల పీట

రాయగడలో పదహారేళ్లుగా మున్సిపాలిటీ వీధులూడుస్తున్న అప్పమ్మకి ఒకటే గర్వం. మనవరాలు లిప్సా ఒక్కనాడూ పక్క పాడు చెయ్యలేదు. కూతురు కాన్పులో పోయింది. అల్లుడు కుందుర అనే ఊరెళ్లి ఇంకో పెళ్లి చేసుకున్నాడు. నెలల పిల్లని అప్పమ్మే సాకింది. పిల్లకి మెడ నిలిచిన నాటి నుంచీ పెరట్లో పీట వేసుకుని, రెండు పాదాలూ దగ్గరగా పెట్టి, వాటి మీద దొడ్డికి కూచోబెట్టి 'స్స్స్' అనేది. తన తల్లీ తనని అలాగే పెంచింది. ఇందులో తప్పేముంది చెప్పండి?

తప్పల్లా ఒక్కటే. రెండున్నరేళ్లొచ్చినా లిప్సాకి ఆ పాదాలు తప్ప ఇంకో చోటు తెలీదు. పొద్దున్నే అమ్మమ్మ చీపురు పట్టుకెళితే, పక్కింటి కస్తూరి ఎంత బతిమాలినా కూచునేది కాదు. పదకొండింటికి అప్పమ్మ వచ్చి కాళ్లు కడుక్కోగానే "అమ్మమ్మా, ఆయి" అంటూ పరిగెత్తుకొచ్చేది. "నా కాళ్లయితే గానీ దీనికి రాదమ్మా" అని అప్పమ్మ వీధంతా చెప్పుకుని మురిసిపోయేది. పిచ్చి మొహం!

మొన్నటి వానాకాలంలో కూరగాయల బజారు దగ్గర చెత్త ఎత్తుతుంటే, సీసా పెంకు ఒకటి రబ్బరు చెప్పులోంచి కుడి పాదంలో దిగబడింది. అసలే షుగరు మనిషి. కుర్ర డాక్టరు కడిగి కట్టు కట్టి, ఒడియాలో మరీ మరీ చెప్పాడు. పదిహేను రోజులు నీళ్లు తగలకూడదు మావుసీ, బరువు పడకూడదు, మాట వినకపోతే కాలు పోతుంది అని.

కస్తూరి బజారుకెళ్లి, పిల్లలు దొడ్డికి కూచునే ప్లాస్టిక్ బాతు ఒకటి కొనుక్కొచ్చింది. దాన్ని చూడగానే లిప్సా కెవ్వుమంది. మొదటి రోజంతా ఏడ్చింది. రెండో రోజు తిండి మానేసింది. మూడో రోజుకి పొట్ట రాయిలా గట్టిపడి మెలికలు తిరిగిపోయింది.

"ఏడిస్తే ఏడవనీ అత్తా. ఇంకో రెండ్రోజులు ఓర్సుకో, అదే కూకుంటాది," అంది కస్తూరి.

"తల్లి లేని పిల్లే అమ్మీ. దాన్నేడిపించి నానేటి బావుకుంటాను?"

"డాక్టరేటన్నాడో మర్సిపోయేవా?"

"ఆ కుర్రోడికేటి తెలుసు, పిల్లల్ని పెంచడం!"

అంటూనే కట్టు విప్పేసింది. పాదాలు ముందుకి పెట్టగానే లిప్సా పరిగెత్తుకొచ్చి కూచుంది. ఆ బరువుకి అప్పమ్మ కళ్లు బైర్లు కమ్మాయి. పళ్లు బిగించి 'స్స్స్' అంది. పిల్ల ముఖం తేటపడితే ముసల్దానికి ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత రోజూ అదే వరస. కడుక్కోవడం, తడి మీదే కట్టు చుట్టుకోవడం, తగ్గిపోతోందని కస్తూరితో అబద్ధమాడటం.

తొమ్మిదో రోజుకి పాదం నల్లబడింది. ఒళ్లు కాలిపోతుంటే ఆటోలో వేసి ఆసుపత్రికి, అక్కడి నుంచి కోరాపుట్‌కీ తీసుకుపోయారు. ప్రాణం నిలబడాలంటే ఇంతకన్నా వేరే దారి లేదని మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

పిల్లని కస్తూరికి వదిలి, ఇరవై ఆరు రోజులు కోరాపుట్ ఆసుపత్రి మంచం మీదే ఉంది. ఉద్యోగం మాట ఒక్కసారీ ఎత్తలేదు. చూడ్డానికొచ్చిన వాళ్లందర్నీ ఒకటే అడిగేది: "పిల్ల దొడ్డికి ఎలాగెల్తంది? ఎవురి కాళ్ల మీద కూకుంటంది?" ఏడుస్తుందని చెబితే ఎక్కడ బెంగపడుతుందో, ఏడవడం లేదంటే ఎక్కడ నొచ్చుకుంటుందో అని వాళ్లు మాట మార్చేసేవారు. దుప్పటి కింద ఎడమ పాదాన్ని అటూ ఇటూ తిప్పి, ఒక్క దాని మీద పిల్ల నిలుస్తుందా అని చూసుకునేది పాపం.

ఇంటికొచ్చిన నాడు లిప్సా కాసేపు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. మెల్లగా దగ్గరికొచ్చి చీర కుచ్చిళ్లు తడిమింది.

"అమ్మమ్మా, ఇంకో కాలేదీ?"

"ఒక్క దాని మీదే కూకో అమ్మీ. నాను పట్టుకుంటాను కదా," అని అప్పమ్మ ఎడమ పాదం ముందుకి చాపింది.

లిప్సా ఆ పాదం వంక చూసి తల అడ్డంగా ఊపింది. మూలకెళ్లి బాతుని ఈడ్చుకొచ్చి, చెడ్డీ దింపుకుని, దర్జాగా కూచుంది. "కత్తూరత్తా, అయిపోయింది!" అని కేకేసింది.

"ఎన్నాళ్లకి నేర్సుకుంది?" అంది అప్పమ్మ. కస్తూరి పిల్లని కడుగుతూ కూచుంది. అప్పమ్మ మళ్లీ అడిగింది.

"నువ్వెల్లేక రెండ్రోజులు ఏడిసింది అత్తా," అంది కస్తూరి తల ఎత్తకుండా. "మూడోనాడు కూకుంది."

అప్పమ్మ చాపిన పాదాన్ని చీర కిందికి లాక్కుని, గోడ వైపు తిరిగి భోరుమంది.