మిక్సర్ మీద నడిమి గీత

ట్రాక్టరు ట్రాలీలో మూడు వైపులా స్పీకర్ పెట్టెలు పేర్చి తాళ్లు బిగిస్తే, మధ్యలో మిక్సర్‌కూ నాకూ మిగిలేది మూడడుగుల చోటు. ఊరేగింపు అయ్యేదాకా దిగడానికి లేదు. ఒంటికి పోవాలన్నా బిగబట్టుకోవాల్సిందే. పన్నెండేళ్లుగా కళ్యాణదుర్గం చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ ఆ గూట్లోంచే చూశాను. చూశానంటే, పైకి లేచే చేతులు చూశాను.

పని నేర్పింది సౌండ్ సర్వీస్ నడిపే ఒక సాయిబు. ఉస్తాద్ అని పిలిచేవాణ్ణి. "గెయిన్ అంటే బోరు కాడ గేటు వాల్వు. పాట లోపలికి ఎంత రావల్లో అది చూస్తాది. కింద జరిపే ఫేడర్ మడి కాడ వాల్వు. ఎంత బయటికి వదలల్లో నీ ఇష్టం. హై, మిడ్, లో నాబులు మాత్రం నడిమి గీత దాటనీయొద్దు" అన్నాడు.

మనం వింటామా? తాళాల్లాంటి సన్నటి మోతంతా హై నాబులో ఉంటుంది. అది కాస్త పెంచితేనే నాకు పాటకు ప్రాణమొచ్చినట్టుండేది. ఏటేటా ఇంకాస్త పెంచుతూ పోయాను.

పోయిన వేసవిలో కణేకల్ దగ్గర పెళ్లి. పట్టపగలు ఊరేగింపు. ఆడవాళ్లు చెవులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఎగిరేవాళ్లు కూడా దూరంగా జరిగారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పెట్టెలు నాసిరకమని తిట్టుకుంటూ ఉన్నాను. పెళ్లికూతురు తండ్రి వచ్చి, "ఏమప్పా, చెవుల్లో సూదులు పొడుస్తాండావే!" అని అరిచాడు.

ఆ రోజు ఉస్తాద్ కూడా వెంట వచ్చాడు. పెట్టెల మీదుగా చెయ్యి చాచి, హై నాబును నడిమి గీతకు తిప్పాడు. తాళాలు టక్కున ఆగిపోయాయి.

"వైరు ఊడింది ఉస్తాద్, తాళాలు వస్తాలేవు!" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. "వస్తాండాయి రా" అన్నాడు.

అవతల జనం మళ్లీ ఎగరడం మొదలుపెట్టారు. పెట్టెలు బాగానే ఉన్నాయి. పాడైంది నా చెవులు.

ఇప్పుడు నాబు ముట్టను. జనానికి బాగుంటే నాకు సగం పాట ఉండదు. మానేద్దామంటే ఇంకో పని రాదు. చెవుల సంగతి ఇంట్లో చెప్పే ధైర్యమూ లేదు. చెబితే నా భార్య మరుసటి రోజు నుంచి ట్రాలీ ఎక్కనివ్వదు.

మొన్న ఆమె మా కూతురికి కొత్త పట్టీలు తెచ్చింది. పిల్ల ఇల్లంతా పరుగెత్తి వచ్చి, "ఎట్లుండాయి నాయనా?" అంది.

వైర్లు చుడుతూ, తల ఎత్తకుండానే, "బాగా మోగుతాండాయమ్మా" అన్నాను.

"వీటికి మువ్వలే లేవు కదా నాయనా!" అని పిల్ల పకపకా నవ్వింది.

రొట్టెలు కాలుస్తున్న నా భార్య నవ్వలేదు. పొయ్యి ఆర్పేసి నా వైపు తిరిగింది.