గేటు దగ్గర ఇత్తడి బిళ్ళ

నా చిన్నప్పుడు నన్ను గద్వాల నుంచి తీసుకెళ్లి ఫాదర్ల బడి హాస్టల్లో పడేశారు. మా నాయన మగ్గం మీద చీరలు నేసేవాడు. తన కొడుకు మాత్రం కుర్చీలో కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడాలని ఆయన పంతం. ఇప్పుడు ఆ బడివాళ్లు జూబ్లీ సంచిక వేస్తున్నారట, పాత విద్యార్థిగా నాలుగు మంచి మాటలు రాసి పంపమన్నారు. బడి ఎలా మొదలైందో, బ్యాండు మేళం, స్కౌట్లు, ఫుట్‌బాల్, వడ్రంగం క్లాసు, అడవి పల్లెల పిల్లలకు ఉచిత హాస్టలు, అన్నీ వాళ్లే రాసుకున్నారు. ఇంగ్లీషు క్రమశిక్షణ అని ఒక పేజీ కూడా ఉందట. అందులో బిళ్ళ సంగతి ఉండదు. ఉండాలంటే నాలాంటివాడే రాయాలి.

ఆ బిళ్ళ ఏదో పాత ఆటల పోటీలో మిగిలిపోయిన ఇత్తడి పతకం. హాస్టల్ చూసే బ్రదర్ దానికి ఎర్ర నాడా కట్టించాడు. తెలుగులో ఒక్క మాట అన్నా అది మన మెడలో పడేది. ఇంకొకడి నోట తెలుగు ముక్క వినబడేదాకా మోయాలి, వినబడగానే తీసి వాడి మెడలో వేయాలి. సాయంత్రం ప్రార్థన గంట కొట్టేసరికి ఎవరి మెడలో ఉంటే వాడికి అరచేతుల మీద ఆరు బెత్తం దెబ్బలు. పొద్దంతా ఒకడి నోటి వంక ఒకడు గద్దల్లా చూస్తూ తిరిగేవాళ్లం. బ్రదర్ చెడ్డవాడని అనను. మాకు గజ్జి లేస్తే తన చేతులతోనే మందు రాసేవాడు. కొట్టేదీ ఆ చేతులతోనే.

ఆ బిళ్ళ విషయంలో ఒక్క కట్టుబాటు మాత్రం పిల్లలం మాలో మేమే పెట్టుకున్నాం. ఆదివారం గేటు దగ్గర అమ్మానాన్నలతో మాట్లాడుతున్నవాడి జోలికి ఎవరూ పోకూడదు. పరమ దుర్మార్గులు కూడా దాన్ని తప్పేవాళ్లు కాదు.

నా పక్క చాప మీద పడుకునేవాడు అచ్చంపేట అవతల నల్లమల పల్లె నుంచి వచ్చాడు. వాళ్ల పల్లెలో బడి మెట్టెక్కిన మొదటి పిల్లవాడు వాడే. నోట్లో నాలుక లేనివాడని వాణ్ని ఏడిపించేవాళ్లం. తెలుగులో మాట్లాడితే దెబ్బలు, ఇంగ్లీషేమో రాదు, ఇంకేం మాట్లాడతాడు పాపం! నెలకోసారి వాళ్ల నాయన వస్తే ఆ ఒక్క గంటా గలగలా మాట్లాడేవాడు. ఆ గంట కోసమే వాడు హాస్టల్లో నిలబడ్డాడు, అది లేకపోతే ఒక్క పూట ఉండలేడు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

దసరా దాటాక ఒక ఆదివారం. వరసగా రెండు సాయంత్రాలు బిళ్ళ నా దగ్గరే ఆగిపోయి చేతులు వాచి ఉన్నాయి. ముద్ద కలపడానికి కూడా వేళ్లు ముడుచుకోవడం లేదు. మూడోరోజూ అది నా మెడలోనే ఉంది. గేటు దగ్గర వాళ్ల నాయన గోనెసంచిలో సీతాఫలాలు తెచ్చి కూర్చున్నాడు. వీడు ఆయన మోకాలి మీద చెయ్యేసి ఏదో చెబుతూ నవ్వుతున్నాడు. నేను నేరుగా వెళ్లి బిళ్ళ తీసి వాడి మెడలో వేశాను. వాడు మాట మధ్యలో ఆగిపోయి నా ముఖం చూశాడు. తిట్టినా బాగుండేది.

వాళ్ల నాయన ఆ బిళ్ళను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఏం గెలిచిండు బాబూ మావోడు?" అని నన్ను అడిగాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. వాడే తల వంచుకుని "ఉరుకుడు పందెం, నాయినా" అన్నాడు. ఆ పెద్దమనిషి బిళ్ళను కళ్లకద్దుకున్నాడు. సంచిలో వెతికి అన్నిటికంటే పెద్ద పండు నా వాచిన చేతుల్లో పెట్టాడు. "జర మావోన్ని సూసుకో బాబూ. వానికేం తెల్వదు" అన్నాడు. ఆ పండు నేను తిన్నాను. సిగ్గు లేదా అంటే, లేదు, అప్పుడు లేదు.

సాయంత్రం వాడు చేతులు చాపి ఆరూ తిన్నాడు. మిగతా పిల్లలు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత వాళ్లూ నా దారే పట్టారు. కట్టుబాటు నేను తెంచాను కదా, ఇక గేటు దగ్గర కూడా ఎవరి నోటికీ రక్షణ లేకుండా పోయింది.

మరుసటి నెల వాళ్ల నాయన మళ్లీ వచ్చాడు. ఆ రోజు బిళ్ళ నా మెడలోనే ఉంది. వాడి మెడలో వేసే ఉద్దేశం నాకు లేదు, నమ్మితే నమ్మండి. నిజం చెప్పాలంటే ఇంకో పండు దొరుకుతుందని గేటు దగ్గర తచ్చాడుతున్నాను. వాడు ఎర్ర నాడా చూశాడు, నోరు మూసుకున్నాడు. వాళ్ల నాయన ఏమడిగినా తల ఊపడమే. "ఏందిరా గట్ల సూస్తవ్? నా మీద అలిగినవా?" అని గడ్డం పట్టుకుని బతిమాలాడు. ఒంటి మీద చెయ్యేసి చూశాడు, గొంతు నిమిరాడు. చివరికి నా వైపు తిరిగాడు.

"నువ్వన్న చెప్పు బాబూ. మావోనికి మాట పడిపోయిందా?"

బిళ్ళ నా మెడలోనే ఉంది. తెలుగులో మాట్లాడితే నాకు కొత్తగా పోయేదేమీ లేదు. ఒక్క మాట చెబితే చాలు, ఆయన పెద్ద ఫాదర్ దగ్గరికి వెళ్లి అడిగేవాడు. కానీ పోయిన నెల ఏం చేశానో కూడా చెప్పాల్సి వస్తుంది. అందుకని "ఐ డోంట్ నో" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. అయినా చదువుకున్నవాడు ఏదో మంచే చెప్పి ఉంటాడనుకుని "సరే బాబూ, సరే" అని తల ఊపాడు. దవాఖానలో చూపిస్తానని బ్రదర్ దగ్గర సెలవడిగి కొడుకును వెంటబెట్టుకుపోయాడు. వాడు తిరిగి రాలేదు. వారం తర్వాత వాడి చాప ఇంకొకడికి ఇచ్చారు.

నాకు ఇంగ్లీషు బాగానే వచ్చింది. మా నాయన కోరినట్టే కుర్చీ దొరికింది, దాంట్లోనే ముసలివాణ్నయ్యాను. మీ ఇంగ్లీషు ఎంత బాగుందండీ అని ఈ వయసులో కూడా ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో వాళ్లకు తెలియదు. తడబడకుండా, నదురూ బెదురూ లేకుండా నా నోటి నుంచి వచ్చిన మొదటి ఇంగ్లీషు మాట ఆ గేటు దగ్గర అన్నదే. అది అబద్ధం. నన్ను నమ్మి అడిగిన మనిషికి చెప్పాను.