కాశయ్య మామ ఇంటర్వ్యూకి బెల్లం పట్టుకెళ్లాడు

ముందుగా సభాముఖంగా క్షమాపణ. పెద్దాయన పోయి ఒక్కరోజు కాకముందే నవ్వు తెప్పించే మాటలు రాయబోతున్నందుకు నా శిరస్సును మీ పాదాల దగ్గర పెడుతున్నాను.

పెట్టట్లేదు. పెట్టినట్టు అనుకోండి.

నిన్న గిద్దలూరు బస్సులో ఉండగా ఫోన్. "కాశయ్య మామ లేడురా."

"లేకపోతే యాడికి పోయినాడు?" అన్నాను. నిజంగానే అడిగాను.

నిద్రలోనే పోయాడట.

తెలియనివాళ్లకి: మామ అప్పట్లో మార్కాపురంలో మా పలకల ఫ్యాక్టరీ వెల్ఫేర్ ఆఫీసర్. నేను ఎంబీఏ హెచ్‌ఆర్ చదివి ఆయన కింద ట్రైనీగా చేరాను. చేరిన రోజే ఆయనకి క్లాసు పీకాను. "వెల్ఫేర్‌లో గ్రోత్ లేదు మామా. మేనేజర్ పోస్టుకి ట్రై చెయ్యి."

"పిలిస్తే పోతా అల్లుడా. అడుక్కోను."

ఒకసారి అర్ధవీడు నుంచి వచ్చే వర్కర్ వారం రోజులు రాలేదు. తీసేద్దామన్నారు. మామ బండేసుకుని వాళ్లింటికే పోయాడు. గొర్రెలు ఈనుతున్నాయట. తిరిగొచ్చి లీవ్ ఫారంలో కారణం "కాన్పు" అని రాశాడు.

"ఎవరికి మామా?"

"ఫారంలో అది అడగలా గదబ్బీ. గమ్మునుండు."

తర్వాత హెచ్‌ఆర్ మేనేజర్ రిటైరయ్యాడు. బయటి మనిషి వస్తే వెల్ఫేర్ సెక్షనే ఎత్తేస్తారని పుకారు. అయినా మామ అప్లై చెయ్యలేదు.

కానీ ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది.

మా షెడ్డులో నోట్లో బెల్లం ముక్క లేకుండా ఎవరూ పలక కొయ్యరు. బెల్లం చప్పరిస్తే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరకుండా కడుపులోకి దిగిపోతుందని పాత నమ్మకం. డాక్టరు మాస్కు అంటాడు. మామ రెండూ కలిపేశాడు: మాస్కు కట్టుకున్నవాడికే బెల్లం.

ఆ అలవాటులోనే ఇంటర్వ్యూలో కూర్చున్న ముగ్గురు పెద్దసార్ల చేతుల్లోనూ తలా ఒక ముక్క పెట్టాడు.

"తినండి సార్. చేతిలో పెట్టుకోని ఏం మాట్లాడతారు?"

తిన్నారు.

ఐదేళ్ల తర్వాత మీరెక్కడుంటారని అడిగారట.

"ఈడనే సార్. యాడికి పోతా? అప్పటికి మాస్కు లేనోడు ఒక్కడు కనపడకూడదు. అంతే."

ఇచ్చేశారు పోస్టు! మా దగ్గర వెల్ఫేర్ నుంచి మేనేజరైన మొదటి మనిషి. అది చూసి క్యాంటీన్ సూపర్‌వైజర్ అక్క కూడా లేబర్ వెల్ఫేర్ డిప్లొమా కట్టింది. ఇప్పుడు వెల్ఫేర్ ఆఫీసర్ ఆమే.

రిటైరయ్యాక కూడా సొంతూరు తర్లుపాడులో అందరికీ అదే చెప్పేవాడు: "నేను అడగలా. కంపెనీనే పిలిచినాది."

నేనూ పక్కనే నిలబడి తలూపేవాణ్ని.

ఇంటర్వ్యూకి నేనే ట్రైనింగ్ ఇచ్చానని ఆఫీసంతా చెప్పుకున్నాను. అబద్ధం. నేను చేసింది ఒక్కటే. మామ భోజనానికి లేచినప్పుడు ఆయన కుర్చీలో కూర్చుని, ఆయన పేరుతో అప్లికేషన్ పంపించాను.

అడిగింది నేనే మామా. గెలిచింది మాత్రం నువ్వే.

పోయిరా. చల్లగా, నిమ్మళంగా ఉండు.